డ్యూటీల ప్లాట్లు అమ్మే ఉస్తాదుకు ‘వద్దు’ అని చెప్పుడెట్ల

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు దిక్కు నుంచి మిల్ట్రీల చేరిన పోరగాండ్ల కోసం, ఇంటికాడ వాళ్ల అమ్మానాయినల కోసం ఇది రాస్తున్న. నేను సర్వీసంత యూనిట్ ఆఫీసుల క్లర్కు పని చేసి నాయబ్ సుబేదార్‌గ ఇంటికొచ్చిన. అర్జీలు, చార్జిషీట్లు, లీవు కాయితాలు అన్నీ నా టేబుల్ మీదికెళ్లే పోయేటివి. అందుకనే ఏమో, లీవుకొచ్చిన పోరగాండ్లు నన్ను ఎక్కువ అడిగేది ఒక్కటే ముచ్చట: “మామా, మా యూనిట్ల మన తెలుగు హవల్దార్ ఒకాయన ప్లాట్ తీస్కో, ప్లాట్ తీస్కో అని పానం తీస్తుండు. వద్దంటే కోపానికొస్తడేమో. ఎట్ల చెయ్యాలె?”

ప్లాట్లే కాదు. కొందరు నెట్‌వర్క్ కంపెనీ డబ్బాలు అమ్ముతరు. కొందరు భార్య పేరు మీద ఇన్సూరెన్స్ పాలసీలు చేయిస్తరు. చిట్టీలు నడిపేటోళ్లున్నరు, ఈ మధ్య షేర్ల టిప్పులంటూ గ్రూపులు పెట్టేటోళ్లు మోపైన్రు. సరుకు మారుతది గాని అమ్మే తీరు మారదు. మన దిక్కోళ్లకు ప్లాట్ల బెడదే ఎక్కువ కాబట్టి దాని మీదనే ఎక్కువ చెప్త.

ఎట్ల షురువైతది

కొత్త పోస్టింగ్ పోయినంక మొదటి వారంలనే యూనిట్ల ఉన్న తెలుగోళ్లంత నిన్ను ఎతుక్కుంట వస్తరు. మంచిదే. లంగర్ల (మిల్ట్రీ వంటశాలల) రొట్టె, పప్పు తిని తిని నోరు చచ్చినోనికి ఇంటి పచ్చడి పెట్టేది వాళ్లే. వాట్సాప్ గ్రూపుల కలుపుతరు. బతుకమ్మ ఫోటోలు, సంక్రాంతి ముగ్గులు, ఎవరి బిడ్డ పుట్టినరోజో, అన్నీ అండ్లనే. ఒక పొద్దుగాల అదే గ్రూపుల వెంచర్ బ్రోచర్ పడ్తది. చౌటుప్పల్ దాటినంక హైవే, దాని పక్కన రీజినల్ రింగ్ రోడ్డు అని ఎర్రగీత, పెద్ద ఆర్చీ, లోపట స్విమ్మింగ్ పూల్.

నాలుగు రోజులైనంక గార్డు రూముల నువ్వొక్కనివి ఉన్నప్పుడో, స్టోర్ల సామాన్లు లెక్కపెడ్తున్నప్పుడో వచ్చి పక్కన కూసుంటడు. ఫోన్ తీసి వీడియో చూపిస్తడు. “నెలకు ఇంత కడ్తే చాలు తమ్మీ, నువ్వు సర్వీసు దిగే నాటికి మూడింతలైతది.”

సాయంత్రం గేమ్స్ అయినంక నీకు ఫ్రీ టైం ఉంటది గదా, అప్పుడెందుకు చెప్పడు? అప్పుడైతే నువ్వు “పని ఉంది ఉస్తాద్” అని లేచి పోవచ్చు. డ్యూటీ మీద ఉన్నోడు ఆ జాగ ఇడిచి కదలరాదు. ఆ పైన గార్డు లిస్టు రాసేది ఆయన, నీ లీవు అర్జీ మీద మొదటి సంతకం పెట్టేది కూడ ఆయనే. ఆయన మాటల కంటె చేతి మీది మూడు ఫీతీలకే, అంటె హవల్దార్ ర్యాంకు పట్టీలకే, బలం ఎక్కువ. అందుకని నువ్వు ప్లాట్ మంచిదా చెడ్డదా అని ఆయనతోని వాదానికి దిగితే ఓడిపోతవు. వాదం డ్యూటీ మీద పెట్టు, ప్లాట్ మీద పెట్టకు.

నోటితోని ఎట్ల చెప్పాలె

“పైసలు లేవు” అనకు. నీ జీతమెంతో ఆయనకు నీ కంటె మంచిగ తెలుసు. అగ్నివీర్‌వైతే (నాలుగేండ్ల భర్తీ మీద చేరినోడివైతే) మొదటి ఏడు చేతికొచ్చేది 21,000 అని, కడమ 9,000 సేవా నిధిల (నాలుగేండ్లు నిండినంక ఒక్కసారే ఇచ్చే నిధిల) జమైతదని వేళ్ల మీద చెప్తడు. లేవంటే లోన్ ఇప్పిస్త అంటడు. శాలరీ అకౌంటు మీద బ్యాంకోళ్లు ఇస్తరు, ఫారం కూడ తనే నింపుత అంటడు. పాత భర్తీ మీద చేరినోడైతే పీఎఫ్ తీయమంటడు.

“ఆలోచిస్త” అని కూడ అనకు. “లీవుకు పోయినప్పుడు చూస్త” అంటివా, తేది అడిగి సికింద్రాబాద్ స్టేషన్‌కు కంపెనీ కారు పంపిస్తడు. కారెక్కినంక, వాళ్ల బిర్యానీ తిన్నంక, వద్దనుడు ఎవరికైన కష్టమే.

చెప్పాల్సింది గింతే: “ఉస్తాద్, డ్యూటీల ఉన్న. పైసల ముచ్చట మా నాయిన చూస్తడు, నేను మాట్లాడ.” రెండోసారి అడిగితే అదే మాట మళ్ల చెప్పు, ఒక్క అక్షరం మార్చకు. కొత్త కారణం చెప్పినవంటే దానికి ఆయన దగ్గర కొత్త జవాబు తయారుగ ఉంటది.

మూడోసారి హిందీల చెప్పు. ఇది నవ్వులాట కాదు. ఆయన నీతోని తెలుగుల మాట్లాడేది ప్రేమ కొంత, పక్కనున్న రాజస్థానీ పోరనికి, పంజాబీ నాయక్‌కు సమజ్ కావద్దని కొంత. నువ్వు మామూలు గొంతుతోని “ఉస్తాద్, డ్యూటీ పర్ హూ. ప్లాట్ కీ బాత్ నహీ కర్నీ” అన్నవంటే రూములున్న అందరికి తెలుస్తది. గొంతు లేపకు, ఎక్కిరించకు. చాలాసార్లు ముచ్చట అక్కడికే ఆగిపోతది. నలుగురు విన్నరు కాబట్టి రేపు అవసరమొస్తే సాక్ష్యం కూడ అయితది.

ఆధార్ కాపీ, పాన్ కాపీ, సంతకం చేసిన ఖాళీ చెక్కు, ఓటీపీ, ఏదీ ఇయ్యకు. యూనిఫారంల బ్రోచర్ పట్టుకొని ఫోటో అసలే దిగకు. రేపు పొద్దుగాల ఆ ఫోటో “మా కస్టమర్లు దేశ జవాన్లు” అని ఫేస్‌బుక్కుల ఉంటది. 2020 జులైల ఆర్మీ 89 యాప్‌లు ఫోన్ల నుంచి తీసేయుమన్నది, అండ్ల ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ ఉన్నయి. వ్యాపారం ఆయనది, ఫోటోల మొకం నీది. ముందుగాల పిలిచి అడిగేది నిన్నే.

ఇంటికాడున్నోళ్లకు ఒక మాట. పిల్లగాడు ఒప్పుకోకపోతే ఫోన్ మీకొస్తది. “బాపూ, మీ పిల్లగాడు నా తమ్ముని లెక్క, వానికి తెలుస్తలేదు, మీరన్న చెప్పుండ్రి” అంటడు. మిల్ట్రీ సార్ మన ఇంటికి ఫోన్ చేసిండని సంబురపడి ఒప్పుకోకుండ్రి. పిల్లగానితోని ముందే మాట కట్టుకోవాలె: నాయిన ‘మా వాణ్ని అడుగు’ అని, కొడుకు ‘మా నాయిన్ని అడుగు’ అని చెప్పుకుంట పోతే ఆయన చేతికి ఎవరూ దొరకరు.

కాయితం మీద ఏమున్నది

సర్వీసుల ఉన్నన్ని రోజులు అనుమతి లేకుండ ప్రైవేటు వ్యాపారం, కమీషన్ పని చెయ్యొద్దు. ఇది అందరికి తెలిసిందే. ఆర్మీల ఉన్నోళ్లకు ఆర్మీ యాక్ట్ 1950 వర్తిస్తది. దాని 63వ సెక్షన్ క్రమశిక్షణ చెడగొట్టే ఏ పనికైన వేసే సెక్షన్, కోర్టు మార్షల్ దాక పోతే ఏడేండ్ల దాక శిక్ష ఉంటది. ప్లాట్ల ముచ్చట అంత దూరం పోవుడు తక్కువ. కమాండింగ్ ఆఫీసర్ 80వ సెక్షన్ కింద తన చేతిలనే తేల్చేస్తడు. దాంట్ల 14 రోజుల జీతం దాక జుర్మానా ఉన్నది. హవల్దార్లు దీనికంటె ఎక్కువ భయపడేది కాండక్ట్ షీట్ (ప్రవర్తన రికార్డు) మీద పడే ఎర్ర ఇంకు ఎంట్రీకి. అది పడ్డదంటే నాయబ్ సుబేదార్ ప్రమోషన్‌కు అడ్డం పడొచ్చు. నీకు భయమైతున్నది గాని, నీ కంటె ఎక్కువ పోగొట్టుకునేది ఆయనే.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ పోరగాండ్లకు కేంద్ర ఉద్యోగుల ప్రవర్తన నియమాలు, 1964 వర్తిస్తయి. అండ్ల 15వ రూల్ చదువుండ్రి. “ఏజెన్సీ నా పేరు మీద లేదు, మీ వదిన పేరు మీద ఉన్నది” అని చెప్పేటోళ్లకు జవాబు అండ్లనే రాసి ఉన్నది. ఇంట్లోళ్ల పేరు మీద ఉన్న ఇన్సూరెన్స్ ఏజెన్సీ, కమీషన్ ఏజెన్సీ కోసం ఉద్యోగి తిరిగి ప్రచారం చేసినా తప్పే. ఇంట్లోళ్లు అట్లాంటి వ్యాపారం చేస్తే డిపార్ట్‌మెంట్‌కు తెలపాలె కూడ.

నిజంగనే ప్లాట్ కావాలంటే

కొనొద్దని నేను చెప్తలేను. మన దిక్కు మిల్ట్రీ జీతంతోని ఇల్లు నిలబెట్టుకున్నోళ్లు మస్తు మంది. గార్డు రూముల కాదు, లీవుల, తండ్రిని ఎంట పెట్టుకొని, మన టైముల కొను.

మొదలు రెరా (రియల్ ఎస్టేట్ మీద అజమాయిషీ చేసే సర్కారు సంస్థ) నంబర్ అడుగు. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ లేకుండ ప్రచారం చెయ్యొద్దు, బుకింగ్ తీస్కోవద్దు. ‘ప్రీలాంచ్ ఆఫర్, ఈ వారమే’ అన్నడంటే ఆ రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదనే అర్థం చేస్కో. ఆ నంబర్‌ను తెలంగాణ రెరా వెబ్‌సైటుల నువ్వే కొట్టి చూడు, ఆయన పంపిన స్క్రీన్‌షాట్ నమ్మకు. రెరాల రిజిస్టరైన వెంచర్‌ను అమ్మి పెట్టే ఏజెంటుకు కూడ రెరా రిజిస్ట్రేషన్ ఉండాలె. మన హవల్దార్ సార్‌ను “మీ ఏజెంట్ నంబర్ ఎంత ఉస్తాద్?” అని ఒక్కసారి అడుగు. సర్వీసుల ఉన్నోడు ఆ నంబర్ ఎట్ల తెస్తడు? రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండ పది శాతం కంటె ఎక్కువ అడ్వాన్స్ తీస్కోవద్దని కూడ అదే చట్టంల ఉన్నది.

రెండోది, లేఅవుట్ ఫైనల్ అప్రూవల్. లేఅవుట్లకు అనుమతిచ్చే సర్కారు ఆఫీసులు డీటీసీపీ గాని, హెచ్‌ఎండీఏ గాని, ఏ ఊరికి ఏది వర్తిస్తే అది. టెంటేటివ్ (తాత్కాలిక) నంబర్ చూపించి ఫైనల్ అని చెప్పుడు మామూలే. ఫైనల్ వచ్చే దాక కొన్ని ప్లాట్లు అథారిటీకి మార్టిగేజ్ చేసి పెడ్తరు. నీకు చూపించిన ప్లాట్ నంబర్ ఆ లిస్టుల ఉన్నదా చూడు.

గుంటల లెక్కన అమ్మే ‘ఫార్మ్ ప్లాట్లు’ ఇంకో రకం. గుంట అంటె 121 గజాలు. అది కాయితాల మీద వ్యవసాయ భూమే, రోడ్లు గీసినంత మాత్రాన ఇండ్ల జాగ కాదు. ఇట్లాంటిదాంట్ల ఇల్లు కట్టుకుంట అనుకోని మిల్ట్రోళ్లు కొంటనే ఉన్నరు, నాకు చూస్తే కడుపుల దేవినట్టయితది. వ్యవసాయ భూమి రికార్డు ఇదివరకు ధరణిల ఉండె, 2025 నుంచి భూభారతిల చూడాలె. ప్లాట్ అయితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల ఈసీ (ఆ జాగ మీద అయిన అమ్మకాలు, తాకట్లు చూపించే కాయితం) తీయించు, కనీసం ముప్పై ఏండ్లకు.

తర్వాత జాగ చూడ పో. కంపెనీ కారుల పోకు, మీ నాయిన బండి మీద పో. చిట్యాల, నార్కట్‌పల్లి మధ్యల అట్లాంటి వెంచర్ ఒకటి నేను చూసిన. ఆర్చీ ఉన్నది, రంగు జెండాలు ఎండకు ఎలిసి పేలికలైనయి. బత్తాయి తోట కొట్టేసి రోడ్లు పోసిన్రు, మొద్దులు ఇంక అట్లనే ఉన్నయి. హద్దురాళ్లు సగం పడిపోయినయి, మిగిలినవాటికి మేకలు ఒళ్లు గీక్కుంటున్నయి. పక్క చేన్ల పత్తి ఏరే ఆమెను అడిగితే చెప్పింది, ఆ సర్వే నంబర్ మీద అన్నదమ్ముల పంచాయితీ కోర్టుల నడుస్తుందని. ఏ బ్రోచర్‌ల రాయనిది ఆమె పని ఆపకుండనే చెప్పింది. పక్క పొలమోళ్లను అడగనిది అడ్వాన్స్ ఇయ్యకు.

మిగిలిన సరుకు తొందరగ

నెట్‌వర్క్ కంపెనీ: డబ్బాలు అమ్మితే పైసలొస్తయా, మనుషులను చేర్పిస్తే వస్తయా, గదొక్కటి అడుగు. చేర్పిస్తేనే వచ్చే పిరమిడ్ స్కీములను 2021 డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ వద్దన్నయి, 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం కూడ ఉన్నది. ఆ 2021 రూల్స్ ప్రకారం అమ్మేటోడు గుర్తింపు కార్డు లేకుండ, ముందు అడగకుండ కొనేటోని ఇంటికి పోవద్దు. బ్యారక్‌ల నీ మంచం మీదికి వచ్చేటోళ్లకు ఈ ముచ్చట చెప్పు.

ఇన్సూరెన్స్: పాలసీ కాయితం చేతికొచ్చినంక 30 రోజుల్ల వాపస్ ఇయ్యొచ్చు, మొహమాటానికి చేసినోళ్లు ఆ గడువు దాటనియ్యకుండ్రి. చిట్టీ: రిజిస్టర్ కాని చిట్టీల దిగకు, అది నడిపేది దేవుడైనా సరే. షేర్ల టిప్పులు: గ్రూపుల నుంచి ఎల్లిపో.

అగ్నివీర్‌లకు ఒకటి ఎక్కువ చెప్పాలె. 2023 మొదట్ల ట్రైనింగ్ షురూ చేసిన మొదటి బ్యాచ్‌కు 2026 చివర్ల, 2027 మొదట్ల నాలుగేండ్లు నిండుతయి. పది లక్షలకు పైన సేవా నిధి ఒక్కసారే చేతికొస్తది. దాని మీద ఇప్పట్నుంచే గద్దల లెక్క తిరుగుతున్నరు. “వచ్చినంక కడ్తువు, ఇప్పుడు టోకెన్ ఇయ్యి” అంటరు. టోకెన్ ఇయ్యకు.

ఆగకపోతే ఎవరికి చెప్పాలె

ముందు నోటితోని, నీ ప్లాటూన్ జేసీఓ (హవల్దార్ కంటె పై ర్యాంకు, సుబేదార్ స్థాయి) సాబ్‌కు. ఒంటరిగ ఉన్నప్పుడు, నెమ్మదిగ. సగం ముచ్చట్లు అక్కడ్నే తెగుతయి, సాబ్ పిలిచి రెండు మాటలంటడు, అయిపోతది. తెగకపోతే సీనియర్ జేసీఓ, ఆ తర్వాత కంపెనీ కమాండర్ ఇంటర్వ్యూ. సైనిక సమ్మేళన్‌ల (యూనిట్ అంత కూడే సభల) లేచి నిలబడి పేరు పెట్టి చెప్పకు, అందరి ముందర ఆయన పరువు తీస్తే పంచాయితీ ప్లాట్ ఇడిచిపెట్టి నీ మీదికొస్తది. పేరు లేని కాయితం రాయకు. నా టేబుల్ మీదికి అట్లాంటివి వచ్చేటివి, చర్య మాత్రం ఉండకపోయేది.

అర్జీ రాస్తే పొట్టిగ రాయి. ‘మోసగాడు’, ‘దుర్మార్గుడు’ అని రాసిన అర్జీలు చదివే ఆఫీసర్‌కు కోపం తెప్పిస్తయి, సంగతి చెప్పవు. తెలుగుల ఆలోచించి హిందీల రాసుకో, ఇట్ల:

“నేను ఫలానా తేదీ, ఫలానా గంటలకు గార్డు డ్యూటీల ఉన్న. హవల్దార్ ఫలానా వచ్చి ప్లాట్ బుకింగ్ కోసం ఇన్ని రూపాయలు కట్టమన్నరు. వద్దని చెప్పిన. మళ్ల ఫలానా తేదీన స్టోర్ల, ఫలానా తేదీన గార్డు రూముల అడిగిన్రు. అప్పుడు సిపాయి ఫలానా, నాయక్ ఫలానా అక్కడ ఉన్నరు. డ్యూటీ టైముల ఇట్ల అడగకుండ చూడాలని మనవి.”

అంతే, ఇంకో వాక్యం వద్దు. వాట్సాప్ మెసేజ్‌లు తీసెయ్యకు, పైసలు పంపి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టుకో. యూనిట్ లోపట వీడియో తీసుకుంట సాక్ష్యం కూడబెట్ట పోకు, ఆ వీడియోకే నీ మీద చార్జి పడ్తది. కంపెనీ కమాండర్ దగ్గర తెగకపోతే ఆర్మీ యాక్ట్ 26వ సెక్షన్ జవానుకు పై అధికారికి ఫిర్యాదు చేసుకునే హక్కు ఇచ్చింది, ఆ దారిల పో.

పైసలు ముందే కట్టినోళ్లు: రసీదు తీస్కొని, వాపస్ ఇయ్యమని రాతపూర్వకంగ అడుగుండ్రి. నష్టం పూడ్చుకోవాలె అని ఇంకో ఇద్దరిని చేర్పియ్యకుండ్రి, చేర్పించిన రోజు నుంచి మీరూ అమ్మేటోళ్లే. ప్లాట్‌కు రెరాల, సరుకుకు కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కు, ఆన్‌లైన్ మోసమైతే 1930కు చెప్పుకోవచ్చు.

మీ ఇంట్ల వ్యాపారముంటే

“మాకు పొలం ఉన్నది, నాయిన పాలు పోస్తడు, అది కూడ తప్పేనా?” అని దేవరకొండ దిక్కు పోరడొకడు అడిగిండు. తండ్రి ఎవుసం తండ్రిది, దానికి ఎవరూ అడ్డం రారు. భార్య మగ్గం వర్క్ చేసినా, పచ్చళ్లు పెట్టి అమ్మినా మంచిదే. ఆఫీసుకు తెలపాల్సింది తెలుపు. తర్వాత నువ్వు దాంట్ల చెయ్యి పెట్టకు. యూనిట్ గ్రూపుల ధరల పట్టీ పెట్టకు, డ్యూటీల ఆర్డర్లు రాసుకోకు, సర్కారు బండిల డబ్బాలు పంపకు. నీ కింద పని చేసే సిపాయికి ఒక్క సీసా అమ్మినా వాడు రుచి చూసి కొన్నడో, నీ ఫీతీ చూసి కొన్నడో నీకే తెల్వదు. క్యాంటీన్ సామాన్లు బయట అమ్ముడైతే వేరే చెప్పాల్సిన పని లేదు, అది నేరం. వ్యాపారం మీద నిజంగ మనసుంటే రిటైర్మెంట్ దగ్గర పడ్డప్పుడు డీజీఆర్ (రిటైరయ్యే ఫౌజీల పునరావాసం చూసే సర్కారు ఆఫీసు) కోర్సు అడుగు, ట్రైనింగ్ ఇచ్చి పంపుతరు.

కాదన్న తెల్లారి

ఆయన నీ సీనియరే. పొద్దుగాల ఎదురైతే ఎప్పటి లెక్కనే రామ్ రామ్ చెప్పు, చెప్పిన పని చెయ్యి. లంగర్ల కూసొని ముచ్చట నలుగురికి చెప్పకు. డ్యూటీలు మాత్రం గమనించుకుంట ఉండు. వరుసగ నైట్ గార్డులు నీకే పడ్తున్నయనిపిస్తే కొట్లాడకు. చిన్న నోట్‌బుక్కుల తేది, డ్యూటీ, లిస్టు మీద సంతకం ఎవరిది, మూడూ రాసుకుంట పో. నెల దాటినంక కూడ అదే తీరుంటే ఆ పుస్తకం పట్టుకొని జేసీఓ సాబ్ దగ్గరికి పో. “ఉస్తాద్ నా మీద కక్ష తీర్చుకుంటుండు” అనకు. “సాబ్, డ్యూటీ లిస్టు ఒక్కసారి చూడుండ్రి” అను, పుస్తకం ఆయన ముందర పెట్టు.